రొంటిన దోపుకున్న గవ్వ

సింహాచలం దర్శనమయ్యాక భీమిలి తీరంలో నాకొక చారల గవ్వ దొరికింది. లోపల నత్త బతికే ఉంది. మనవడికి గవ్వ కొనే పని తప్పిందని రొంటిన దోపుకున్నాను.

చేపలమ్మే ఆవిడ పరుగున వచ్చింది. “ఏటమ్మా, పామునెవరైనా రొంటిన ఎట్టుకుంటారేటి?”

“నత్తేగా! మా నందిగామ పొలాల్లో బోలెడు. మనవడి మొలతాడుకి దిష్టికి కడతా,” అని కసిరాను.

ఆమె వినలేదు. నా చీర కుచ్చిళ్ళు లాగి దులిపేసరికి గవ్వ నీటిగుంటలో పడింది. కాసేపటికి ఆ గవ్వలోంచి సన్నటి గొట్టం బయటికొచ్చి పక్కనున్న చేపపిల్లను తాకింది. చేప అక్కడికక్కడే బిగుసుకుపోయింది. నత్త నోరు సంచిలా తెరిచి దాన్ని మింగేసింది.

“మనిసికైనా అంతేనమ్మా. దీని విసానికి మందు లేదు.”

ఇప్పటికీ మా మడిలో నత్త కనబడితే నా చెయ్యి రొంటి మీదికే పోతుంది.