అట్టకు రెండో వైపు

"...అందుకే చెప్తున్నా, ఆ సినిమా పేరు నా వంటింట్లో ఎత్తొద్దు. ఎత్తేపనైతే ఆ కాఫీ కప్పు అక్కడ పెట్టేసి లే."

"కప్పు పెట్టను, లేవను. ఈ బిస్కెట్లు అయ్యేదాకా ఇక్కడే ఉంటా, మిస్సిస్ టాగర్ట్."

కిటికీకి ఇవతల, వెనక వరండాలో, విల్మర్ టాగర్ట్ కుంచె ఆపి విన్నాడు. అతని ముందు తెల్లట్ట మీద 'తప్పిపోయినది: బూడిదరంగు పిల్లి. పిలిస్తే రాదు' అని సగం ఆరిన అక్షరాలున్నాయి. సినిమా స్టూడియోల ఊరు బర్బాంక్‌లో, ఆ వీధి మొత్తానికి బోర్డులు రాసేది అతనే. పాత సామాన్ల అమ్మకమైనా, చర్చిలో ఆదివారం పాన్‌కేకులైనా, తప్పిపోయిన పిల్లయినా అట్ట తీసుకుని అతని వరండాకి రావలసిందే. ముప్ఫై అడుగుల దూరం నుంచి కళ్లజోడు లేకుండా చదవగలిగేలా రాస్తాడు. డెబ్బైతొమ్మిదేళ్లొచ్చినా చెయ్యి వణకదు.

అది అతని వృత్తి. ముప్ఫై ఒక్కేళ్లు కెమెరా పక్కన నిలబడి, నటులు చెప్పవలసిన మాటలు అట్టల మీద రాసి పట్టుకున్నాడు. అట్ట కెమెరా కన్నుకి పక్కనుండాలి, కిందుంటే చూపు వాలిపోతుంది. మాట మధ్యలో వరస విరవకూడదు. ఒక నటుడికి కామాలన్నీ ఎర్రగా ఉండాలి. ఇంకొకాయన నవ్వు రావలసిన చోట చిన్న బాతు బొమ్మ గీయించుకునేవాడు. ఆ బాతుల్ని గీసిన రోజుల్లో విల్మర్ ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చేవాడు.

లోపల బిస్కెట్లు తింటున్నది హాస్మిక్. మూడిళ్ల అవతల పుట్టి పెరిగింది. ఇప్పుడు నలభై అయిదేళ్లది, మాగ్నోలియా వీధిలో పాత సినిమాలాడే చిన్న హాలు నడుపుతోంది. ఏటా అక్టోబరులో ఒక శనివారం 'చంద్రమండలపు తేనెటీగలు' వేస్తుంది. ఆ రోజు హాల్లో నిలబడటానికి చోటుండదు. జనం సూపు గరిటెలూ ఉప్పు పొట్లాలూ పట్టుకొస్తారు. ఒకానొక మాట దగ్గర హాలు హాలంతా తెరతో గొంతు కలిపి, ఉప్పు గాల్లోకి చల్లుతుంది. మర్నాడు ఊడ్చే పని తనదేనని హాస్మిక్ గర్వంగా చెప్పుకుంటుంది. ఈ ఏడు ఆ సినిమాకి యాభై ఏళ్లు. అందులో నటులకి విగ్గులు పెట్టిన విల్మర్ భార్య రోసాలీ టాగర్ట్ వచ్చి రెండు ముక్కలు మాట్లాడాలని ఆమె పట్టు. రోసాలీ పదిహేనేళ్లుగా రానంటోంది.

హాలంతా గొంతు కలిపే ఆ మాట తెర మీద అన్నది ఆగస్టా వేన్. రెండుసార్లు ఉత్తమనటి. ఆమె వీపు చూస్తే చాలు, ముఖంలో ఏముందో తెలిసిపోతుందనేవారు. అలాంటి మనిషి అరవై ఎనిమిదో ఏట, తొమ్మిది రోజుల్లో తీసిన ఆ చవక సినిమాలో, తేనెటీగలు కుట్టి చచ్చిపోతున్న కొడుకు తలని ఒళ్లో పెట్టుకుని, కన్నీళ్లతో, "సూపులో ఉప్పు తక్కువైంది, జనరల్" అంది. ఆ తర్వాత ఆమెను ఎవరూ సినిమాకి పిలవలేదు. మూడేళ్లకు పోయింది. పోయిన మర్నాడు పేపర్లన్నీ ఆమె గొప్ప పాత్రల కంటే ముందు ఆ సూపు సంగతే రాశాయి.

హాస్మిక్ కాగితం విప్పిన చప్పుడైంది. హాల్లో పంచే చిన్న పుస్తకమట, మధ్యాహ్నం పన్నెండుకి అచ్చుకి వెళ్లిపోతుందట. తప్పులుంటే దిద్దమని ఒక వాక్యం చదివింది. "చివరి సినిమా నాటికి ఆగస్టా వేన్ జ్ఞాపకశక్తి పూర్తిగా పోయింది."

రోసాలీ తిరగబడుతుందని విల్మర్ ఎదురుచూశాడు. ఆగస్టా మీద ఈగ వాలనివ్వని మనిషి. ఆ సూపు మాట సినిమాలో ఉంచేసినందుకు దర్శకుణ్ని యాభై ఏళ్లుగా తిట్టని వారం లేదు.

"పోయిన మాట నిజమే," అంది రోసాలీ మెల్లగా. "నేను కళ్లారా చూశా. అయినా అచ్చెయ్యడం దేనికే అమ్మాయ్?"

కుంచె నుంచి నల్లచుక్క జారి 'పిల్లి' అన్న అక్షరాల మీద పడింది. పెళ్లయి నలభై తొమ్మిదేళ్లు. తన భార్య కూడా అలా అనుకుంటోందని అతనికి ఇప్పటిదాకా తెలియదు. గడియారం చూశాడు. పదకొండుంపావు. కుంచె నీళ్లలో పెట్టి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లాడు.

నిలబడే చెప్పాడు. ఆ సినిమాకి అట్టలు పట్టింది అతనే. షూటింగ్ నాలుగో రోజు, మంగళవారం. నిర్మాత సినిమా మొత్తానికి నలభై అట్టలే కొనిపెట్టాడు. చాలక విల్మర్ రెండువైపులా రాశాడు. ఒక అట్టకి ఒకవైపు కొడుకు చావు, రెండోవైపు మర్నాడు తీయాల్సిన విందు. కొడుకు చావు దగ్గర 'నీతో పాటే నా ఆకాశమంతా పోతోంది నాయనా' అనుండాలి. అతను పొరపాటున సూపు మాటున్న విందు వైపు ఆమెకి పట్టుకున్నాడు. ఆమె కళ్లెత్తి, పెదవులు విడిపోయాక గానీ అతనికి తట్టలేదు. అప్పుడు తిప్పితే అట్ట చప్పుడవుతుంది, ఆమె చూపు చెదురుతుంది. మొదటి రోజే ఆమె అతనితో ఒప్పందం చేసుకుంది: నువ్వు చూపించింది నేను చెప్తా, అనుమానం మొదలైతే ఇద్దరం మునుగుతాం అని. ఆమె ఒక్క ఊపిరి ఆగింది. తర్వాత చెప్పింది. 'ఉప్పు' అన్నచోట కుర్రాడి జుట్టు నిమిరింది. కెమెరా తిప్పేవాడు కళ్లు తుడుచుకున్నాడు.

"కట్ చెప్పి దర్శకుడు ఇదేమిటన్నాడు. చచ్చిపోయేవాడు జనరల్ కూడా కాదు, ఉత్త కెప్టెన్," అన్నాడు విల్మర్. "ఆమె నా వైపు చూడనైనా చూడకుండా, పొరపాటు నాదే, ఇంకోసారి చేద్దామా అంది. ఇంకోసారికి ఫిలిమూ లేదు, ఎండా లేదు. వెళ్తూ వెళ్తూ అట్ట మీద వేలితో తట్టి, నీ అక్షరాలు మాత్రం బాగున్నాయి అంది. నాకు అప్పటికి ఉద్యోగమొచ్చి నాలుగు నెలలు. నోరు మూసుకున్నా. ఆమె పోయాక చెబుదామంటే, అప్పటికే మూడేళ్లు మూసుకుని ఉన్నా."

హాస్మిక్ బిస్కెట్టు నోటిదాకా తీసుకెళ్లి అలాగే ఉంది. రోసాలీ అతన్ని చూడలేదు, గోడని చూస్తోంది.

"మంగళవారమా? ఎర్రవిగ్గు రోజా?"

"ఎర్రదే."

రోసాలీ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని విల్మర్ దగ్గరికి జరిగాడు. ఆమె నవ్వుతోంది. చప్పుడు రాకుండా మొదలై, గట్టు పట్టుకుని వంగిపోయేదాకా నవ్వింది. హాస్మిక్ నీళ్లిస్తే అవి తాగలేక మళ్లీ నవ్వింది. కాసేపటికి ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆ సాయంత్రం విగ్గు తీస్తుంటే ఆగస్టా నుదుటి మీది జిగురు పగిలేలా నవ్విందట. ఎందుకమ్మా అంటే, "ఇవాళ సూపు కోసం ఏడ్చాను రోజీ. జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ ఏడవలేదు," అందట. అద్దంలో మళ్లీ ఏడ్చి చూపించిందట, ఈసారి రొట్టె కోసం, ఆ తర్వాత వెన్న కోసం. రోసాలీకి అప్పుడు ఇరవయ్యారు. పెద్దావిడకి మతి పోయిందని భయపడింది. ఆ మాట బయటికి పొక్కనివ్వకూడదని ఒట్టు పెట్టుకుంది. పెళ్లయ్యాక మొగుడితో కూడా అనలేదు.

"వెన్నకి ఎలా ఏడ్చింది?" అన్నాడు విల్మర్.

రోసాలీ ముఖం పక్కకి తిప్పి, ఒక కన్ను చెమర్చీ చెమర్చనట్టు పెట్టి చూపించింది. ఆమెకి నటన రాదు. అయినా అది ఆగస్టా అని ఇద్దరికీ తెలిసింది. ఈసారి ముగ్గురూ నవ్వారు.

"యాభై ఏళ్లు పాపం ఆ డైరెక్టర్ని తిట్టించావు కదయ్యా నాచేత," అంది రోసాలీ కళ్లు తుడుచుకుంటూ. "ఏటా క్రిస్మస్‌కి వాళ్లావిడ కార్డు పంపితే చించి పారేశా. ఆ తిట్లన్నీ ఇప్పుడు నీ ఖాతాలోకి మారుస్తా. కూర్చుని తింటూ ఉండు."

హాస్మిక్ కలం తీసి ఆ వాక్యం కొట్టేసింది. గట్టిగా, కాగితం చిరిగేలా కొట్టేసింది. అచ్చాఫీసుకి ఫోన్ చేసి అరగంట ఆగమంది. తర్వాత ఆ ఖాళీలో ఏం వెయ్యమంటారని అడిగింది. విల్మర్ చెప్పినదంతా వేస్తే ఎనిమిది పేజీలవుతుంది, ఖాళీ వేలెడు లేదు. పైగా జనం నమ్మాలి. యాభై ఏళ్ల తర్వాత ఎవరో పెద్దాయన వచ్చి తప్పు నాదంటే మొహమాటానికి అంటున్నాడనుకుంటారు.

"ఈయన మొహమాటానికి అబద్ధమాడే రకం కాదు," అంది రోసాలీ. "మొన్న నా కొత్త టోపీ ఎలా ఉందంటే వానొస్తే పనికొస్తుందన్నాడు."

విల్మర్ వరండాలోకి వెళ్లాడు. నల్లచుక్క పడిన పిల్లి అట్టని పక్కన పెట్టి, గోడకి ఆనించిన వాటిలోంచి కొత్తది, పెద్దది, ఒకటి లాగాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాన్ని చంకలో పెట్టుకుని మళ్లీ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఆ చోటు ఖాళీగా వదిలెయ్ హాస్మిక్," అన్నాడు. "శనివారం తెరకి ఎడంపక్క నేను నిలబడతా. అట్టకి ఒకవైపు ఆకాశం, రెండోవైపు సూపు రాసి తెస్తా."