బ్యాటరీ పెట్టె దగ్గర బావ

మా అక్క మొగుణ్ని ట్రూపులో జనరేటర్ బావ అనేవాళ్లు. నాకు బావ కాబట్టి వాయించే వాళ్లందరికీ బావే. పాటల కచేరీకి ఏ ఊరెళ్లినా జనరేటర్ లారీ ముందు సీట్లో ఆయన, వెనక బస్సులో మేము. వేదిక వెనక పొగలో కూర్చుని, ఇంజను మీద అరచెయ్యి ఆనించి, కరెంటు సరిగ్గా వెళ్తోందో లేదో చెప్పేసేవాడు. నేను డ్రమ్స్ గట్టిగా వాయిస్తే ఇంజను మూలిగేదట. "నీ వాయింపుకి అది కూడా ఏడుస్తోందిరా బామ్మర్దీ" అనేవాడు.

ఆ హోరులో ఉండీ ఉండీ ఆయన చెవులు పోయాయి. ఈ సంగతి అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే పని పోతుందని మా ముగ్గురి భయం. వినపడనప్పుడు నవ్వేసేవాడు. నవ్వుతాడు కనక మంచివాడన్నారు.

ఈ ఏడు మా గాయని డీజిలు వద్దంది. ట్రూపు ఆవిడదే. పాట వినడానికొచ్చిన జనానికి పొగ పీల్పించడమేమిటంది. లారీలు మానేసి రైల్లో వెళ్దాం, స్పీకర్లు ఏ ఊళ్లోవి ఆ ఊళ్లోనే అద్దెకు తీసుకుందాం, కరెంటుకి బ్యాటరీ పెట్టె చాలంది. అది తప్పని నేనిప్పటికీ అనను. బావ దగ్గు విన్నవాడెవడూ అనడు. కానీ మంచి పనికి కూడా ఎవడి పొట్టో కొట్టాలా అని నాకు ఒళ్లు మండింది.

ఆవిడ బావని పిలిచి, "అన్నయ్యా, మీరెక్కడికీ వెళ్లక్కర్లేదు. పెట్టె మీరే చూసుకోండి. ఒక్కటే మీట. మొదట్లో నొక్కితే ఆన్, అయిపోయాక నొక్కితే ఆఫ్, అంతే" అంది. మీట నొక్కి చూపించింది కూడా. ఆ పూట అక్క గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయింది.

మొదటి కచేరీ. దీపాలు హాలు కరెంటు మీద, మైకులూ స్పీకర్లూ మా పెట్టె మీద. పాట మంచి ఊపులో ఉండగా పక్కకి చూశాను. తెర చాటున బావ పెట్టె మీద చెయ్యి ఆనించి ఉన్నాడు. తీసి మళ్లీ పెట్టాడు. రెండో చెయ్యి కూడా పెట్టాడు. అదురు లేదు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మీట పక్కన పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. కానీ ఆయన జన్మంతా చేతిని నమ్మిన మనిషి. నేను కర్రలు వదిలి లేచేలోపే మీట నొక్కేశాడు. స్టార్ట్ చేస్తున్నాననుకున్నాడు.

పాట టక్కున ఆగిపోయింది. జనం ఒకటే గోల. పోయిన కరెంటు తెప్పించినవాడిలా బావ నావైపు తిరిగి బొటనవేలెత్తి చూపించాడు. నాకు ఏడుపొచ్చింది.

నేను వెళ్లి మీట మళ్లీ నొక్కితే కచేరీ ఎలాగో అయింది. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎదురుగా కూర్చుని, గొంతు పెంచి అడిగింది.

"వినపడదని ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

"చెబితే ఉంచేవారా అమ్మా?"

ఆవిడ తర్వాతి ఊరికి టిక్కెట్లు తీసినప్పుడు బావకి తియ్యలేదు. అయినా ఆయన సంచీ సర్దుకుని స్టేషన్‌కొచ్చాడు. నా సామాను రైలు పెట్టెలోకి ఎక్కించి, దిగి కిటికీ బయట నిలబడ్డాడు.

"మీ అక్కకి ఇంకా చెప్పలేదురా. నేనూ ఈ రైల్లోనే వెళ్తున్నాననుకుంటోంది" అన్నాడు.