భట్టీ ఇసుకలో తోట పెంచిన అనంతయ్య గారు

పోయిన నెల ఒక బేస్తవారం సాయంత్రం, బర్రెకు కుడితి పెడుతుండగా గోడ అవతల ఏడుపు వినిపించింది. బకెట్టు అక్కడే వదిలి పరుగెత్తాను. మా శాలిబండ గల్లీకి పెద్దదిక్కయిన అనంతయ్య గారు కచేరీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, తన గాజు తొట్టి ముందు పీట వేసుకొని, చేపలను చూస్తూ చూస్తూనే గోడకు ఒరిగిపోయారు. మంచాన పడలేదు. ఒకరిచేత మందు తాగించుకోలేదు. నా మనసులో దుఃఖం కన్న ముందు మెదిలిన మాట ఒకటుంది: ఇంత నిర్మలమైన నిర్యాణం కూడా ఈయనకే దక్కాలా?

పదేళ్ళుగా ఆయన్ను చూసి కుళ్ళుకోవడం నాకు అలవాటు. ఆయనది కచేరీ ఉద్యోగం, నాది పాల వ్యాపారం, సాయంత్రమైతే అరుగు మీద గల్లీ జనానికి కోతల కథలు. పక్కపక్క ఇళ్ళు. కచేరీ కాగితాలు ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారిన రోజుల్లో, ఆ చికాకు మరచిపోవడానికి ఆయన గాజు తొట్టి కట్టించారు. అది చూసి నేనూ కట్టించాను. నాది ఆయన దానికన్న జానెడు పెద్దది, కావాలనే. కానీ ఆయన తొట్టిలో పచ్చని వనం లేచింది. అందులో పరక చేపలు కిటికీలోంచి దారిన పోయేవారిని చూసి ఆదాబులు చేసేవి. నమ్మనివారు నమ్మకండి, నేను కళ్ళారా చూశాను. గల్లీ జనం ఆ కిటికీ దగ్గర బారులు తీరితే, నా తొట్టి దగ్గరికి మా బర్రె తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. అది కూడా నీళ్ళు తాగడానికే.

ఆయన మహిమంతా ఇసుకలో ఉందని నాకు తొందరగానే అర్థమైంది. ఏ ఇసుక అన్నదే ప్రశ్న. మా బామ్మర్ది బందరు నుంచి సముద్రపు ఇసుక మూటగట్టి తెచ్చాడు. వెండిపొడిలా తెల్లగా మెరిసింది. మొదటి వారం నా తొట్టి రాజభవనంలా వెలిగింది. తరువాత మొక్కలు పసుపు పచ్చబడి, అంచులు కరిగి, తేలిపోయాయి. అనంతయ్య గారు వచ్చి, ఆ ఇసుక చిటికెడు తీసి, దాని మీద నిమ్మచెక్క పిండారు. ఇసుక బుసబుసమని పొంగింది.

"గవ్వలున్నయి తమ్మీ ఇందుల. సున్నం దిగుతది, చెట్టు మాడుతది. తెలుపు జూసి ఇసుక కొనకు" అన్నారు.

"నీళ్ళ సంగతి నాకు నేర్పకన్నా" అన్నాను పౌరుషంగా.

"అవును మరి. పాలల్ల నీళ్ళు పోసుడు నీకు ఎర్కే. నీళ్ళల్ల ఇసుక పోసుడు మాత్రం నాకిడువు" అన్నారు. ఈ మాట సాయంత్రానికి గల్లీ దాటి కిషన్‌బాగ్ దాకా పోయింది.

ఆయన ఇసుక వేట ఒక తపస్సు. మూసీ ఇసుకను గాడిదల మీద అమ్మేవారి దగ్గరికి గాజు గ్లాసు, నిమ్మకాయ పట్టుకొని వెళ్ళేవారు. గుప్పెడు ఇసుక గ్లాసు నీళ్ళలో వేసి కలిపేవారు. నీళ్ళు ఎంతసేపటికీ తేటపడకపోతే వద్దనేవారు. పొడి ఇసుక మీద నిమ్మరసం పిండి చెవి పెట్టి వినేవారు. ఒకసారి గాడిదలతను విసిగి, "క్యా సాబ్, రేత్ లేతే కీ షర్బత్ బనాతే?" అని, ఇసుక కొంటారో షర్బతు కలుపుతారో తేల్చమన్నాడు. అనంతయ్య గారు ఏమాత్రం తొణకక, రెండూ చూస్తానన్నట్టు, "దోనో దేఖ్తుం భాయ్" అన్నారు.

చివరకు ఆయనకు కావలసింది ఉస్మాన్‌గంజ్‌లో దొరికింది. పేలాలు వేయించే భట్టీలో ఇసుకను మూకుడులో కాల్చి, గింజలు వేసి, జల్లెడ పడతారు. రోజూ కాలీ కాలీ నల్లబడిన ఇసుకను పెంటలో పారబోస్తారు. అనంతయ్య గారి కన్ను దాని మీద పడింది. "నిప్పుల కాలింది, పురుగుండది. జల్లెడ పట్టింది, పలుకంత ఒక్కతీరు. మరీ సన్నగుంటే వేరుకు ఊపిరాడది, దొడ్డుగుంటే మురికి లోపటికి దిగుతది. గిదీ ఇసుకంటె" అని మురిసిపోయారు. అడుగున చెరువు మట్టి పలచగా పరచి, దాని మీద ఆ ఇసుకను వెనక ఎత్తుగా, ముందు పల్లంగా పోశారు. నల్లని నేల మీద ఎర్రమచ్చల పరకలు నిప్పురవ్వల్లా కనిపించాయి. దానికి ఖర్చు లేదు. నా కడుపుమంటకు అది ఆజ్యం పోసింది.

నేనూ చెప్పాపెట్టకుండా అదే భట్టీకి పోయి మూట కట్టించుకొని వచ్చాను. మొక్కలు మళ్ళీ కుళ్ళాయి. అనంతయ్య గారు ఇసుక పలుకు ఒకటి నాలుక మీద వేసుకొని చప్పరించారు.

"ఏంది సత్తెన్నా, చేపలకు ఉప్పు శనగలు పెట్టినవా?"

ఉప్పు శనగలకు వేరే మూకుడు ఉంటుందని, దాని ఇసుక వేరుగా పారబోస్తారని నాకేం తెలుసు? ఆయన మాత్రం ప్రతి మూటా రుచి చూసి తెచ్చేవారు. వెనకే వచ్చిన ఆయన ఇల్లాలు, మా వదినె, "అన్నంల ఒక్క పలుకు తగిలితే ఇల్లెక్కి లొల్లి జేస్తడు. గీ ఇసుక మాత్రం కలకండ తీరు చప్పరిస్తడు" అంది. ఆ రోజే అనంతయ్య గారు తన తొట్టిలోని ఇసుక సగం తోడి, వేళ్ళతో సహా మొక్కలు తీసి నాకిచ్చారు. నేను తీసుకున్నాను. తీసుకుంటూ కూడా, ఇంత పెద్ద మనసు చూపి నన్నింకా చిన్నవాణ్ణి చేస్తున్నాడే అని లోపల రగిలాను.

పదో రోజు కర్మ అయ్యాక వదినె నన్ను పిలిచింది.

"తమ్మీ, గా తొట్టి నువ్వే తీస్కపో. నాతోని కాదు."

"గంత మంచిది నాకెందుకు వదినె? అన్నను జూసి కుళ్ళుకుంటనని గల్లీలందరికి ఎర్కే" అన్నాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకొని, ఎందుకో నవ్వింది. "నువ్వేనా కుళ్ళుకున్నది? నీ బర్రె మీరాలం చెరువుల మునిగి గోలకొండల తేలిందని చెప్తివి జూడు, గా దినం ఆయన అన్నం తినలే. 'సత్తెన్న నోరు తెరిస్తె గల్లీ అంత జమైతది. నా చేపలు పొద్దందాక నోరు తెరుస్తయి, ఒక్క మనిషి నవ్వడు' అన్నడు. నీ అరుగు మీద నవ్వు వినవస్తే కిటికీ పెట్టుకుంటుండె."

ఆ కిటికీ దోమలకని మూసుకునేవారని అనుకున్నాను!

నీళ్ళు సగం తోడి, తొట్టిని నలుగురం మా ఇంటికి మోసుకొచ్చాము. ఒక్క వేరూ కదలలేదు. అనంతయ్య గారూ, మీవంటి రసజ్ఞులు, మీవంటి దాత, మట్టిని నమ్మినంతగా మెరుపును నమ్మని మనిషి మా గల్లీకి మళ్ళీ రారు. మీకు నా అంజలి ఇంతకన్న ఘనంగా ఘటించడం నాకు చేతకాదు.

నిన్న సాయంత్రం మా అరుగు నిండింది. కొత్త కథ చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన తొట్టి ముందు ఆగి, "మస్తున్నది సత్తెన్నా నీ తొట్టి" అన్నాడు. నేను చప్పున పక్కింటి కిటికీ వైపు చూశాను. రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. వాటిని మూసుకునే మనిషి లేడు.