బంతి లేని హాకీ సెలెక్షన్

ఆ రోజుల్లో హాకీ ఆడాలంటే ఒక కర్ర, ఒక బంతి, దాని వెనక పరిగెత్తడానికి ఒక మనిషి ఉంటే చాలని నమ్మేంత అమాయకత్వం మాలో ఉండేది. ఎవరు బాగా ఆడతారో తెలియాలంటే వాళ్లు ఆడుతుండగా చూడాలన్నది మాకున్న ఇంకో మూఢనమ్మకం. ఈ రెండింటినీ ఒక్క రోజులో, ఒక్క వానతో వదలగొట్టి మాకు జ్ఞానోదయం కలిగించిన పెద్దలు ముగ్గురున్నారు. వాళ్ల ధర్మమా అని నేనివాళ మలేసియాలోని సైబర్‌జయలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ చల్లగదిలో కూర్చుని, ఉద్యోగాలకొచ్చే పిల్లల్ని "ఇంకో ఐదేళ్లలో నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావు?" అని అడిగి జీతం పుచ్చుకుంటున్నాను. (నేను ఐదేళ్లుగా అదే కుర్చీలో ఉన్నాను. అదృష్టం కొద్దీ ఆ పిల్లలెవరూ నన్ను తిరిగి అడగరు.)

మాది బాగన్ దాతుక్ దగ్గర ఒక ఎస్టేటు. బడి మైదానానికి ఒక పక్క కొబ్బరితోట, ఇంకో పక్క పామాయిల్ తోట, చుట్టూ కాలువ. రోజూ సాయంత్రం అక్కడ మా వదినా నేనూ ఆడేవాళ్లం. వదినంటే అన్న పెళ్లాం కాదు, మా మావ కూతురు, నాకంటే మూడు నెలలు పెద్ద. ఆ మూడు నెలల పెద్దరికంతో తను గోలు కొట్టేది, నేను గోల్లో నిలబడేదాన్ని. బంతి నా పక్కనుంచి వెళ్లిందని నాకు తెలిసేలోగా అది కాలువ దాటి తోటలో పడేది. నేను కాలువ దూకి, పామాయిల్ ముళ్లు గీరించుకుని, తెచ్చి ఇచ్చేదాన్ని. వదిన మాత్రం పరిగెత్తేది కాదు. పంచదార కోసం కొట్టుకి వెళ్తున్నట్టు నింపాదిగా నడిచేది, బంతే వెతుక్కుంటూ తన కర్ర దగ్గరికి వచ్చేది. చిన్నప్పటి నుంచి తను కొట్టింది, నేను తెచ్చాను. మా ఇద్దరి క్రీడాజీవితం క్లుప్తంగా ఇంతే.

మాకు ఆట నేర్పింది మావే. పామాయిల్ మిల్లులో పని దిగగానే మెడలో విజిల్ వేసుకుని వచ్చేవాడు. అందుకని ఎస్టేటంతా ఆయన్ని విజిల్ మావ అనేవారు. ఆయన జన్మలో హాకీ ఆడి ఎరగడు గానీ విజిల్ మాత్రం బ్రహ్మాండంగా ఊదేవాడు. మాకు పదిహేడేళ్లప్పుడు ఇపో పట్నంలో రాష్ట్ర జూనియర్ జట్టుకి సెలెక్షన్ అని కబురొచ్చింది. గెలిచిన పిల్లకి హాస్టలు, చదువు, బట్టలు, కర్రలు అన్నీ వాళ్లే చూసుకుంటారు. మా జిల్లాకి ఉన్నది ఒక్కటే సీటు, పిలుపు మాత్రం మా ఇద్దరికీ వచ్చింది. ఆ సీటు వదినదేనని ఎస్టేటు మొత్తానికీ తెలుసు, నాకు కూడా తెలుసు. కొత్తచోట రోజంతా ఆడపిల్ల ఒక్కత్తీ ఉండడం బాగోదని నన్ను తోడు పంపారు. సీటు రాకపోతే వదిన క్లాంగ్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్లాల్సిందే, మావ అప్పటికే అక్కడ మాటాడి ఉంచాడు.

బయల్దేరే రోజు తెల్లవారకుండానే మా అమ్మమ్మ కొబ్బరినూనె సీసాతో కూర్చుంది. సొంత కొబ్బరికాయల్ని ఎండబెట్టి తీయించిన నూనె అది. మా ఇంట్లో పరీక్షకైనా పెళ్లిచూపులకైనా దంతం పీకించుకోవడానికైనా అమ్మమ్మ చేతి నూనె పడకుండా గడప దాటకూడదు.

"సేతులు సాపండే. దిష్టి తగిలితే ఆ నూని మీంచి జారిపోవాల," అంటూ మెడ నుంచి మడమల దాకా ఇద్దరికీ పట్టించింది. దిష్టి సంగతేమో గానీ కారు సీట్లో నుంచి మేమిద్దరం జారుతూనే ఇపో చేరాం. దారి పొడుగునా మావ ఒకటే పాఠం.

"పెద్దోలు ఏటడిగినా మర్యాదగా సెప్పండి. సొంత డప్పు మాత్రం కొట్టుకోకండి. ఇన్నావేటే కోడలా?"

విన్నాను. మా ఇంట్లో పెద్దల ముందు 'నేను బాగా చేస్తాను' అనడం అన్నం కంచాన్ని కాలితో తన్నడంతో సమానం. వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. (తను వినలేదని నాకప్పుడే అర్థమై ఉండాల్సింది.)

స్టేడియంలో దిగగానే వదిన తిన్నగా బాత్రూమ్‌లోకి వెళ్లి, సబ్బు పెట్టి చేతులు భుజాల దాకా, కాళ్లు మోకాళ్ల దాకా తోముకుంది.

"నువ్వూ కడుక్కోయే. సేతికి నూనుంటే కర్ర జారిపోద్ది," అంది.

నాకు కర్ర జారితే ఏం, ఉంటే ఏం? నేను కడుక్కోలేదు. ఆటగత్తెకీ తోడొచ్చినదానికీ తేడా ఆ సబ్బు దగ్గరే ఉంది. అయితే సెలెక్షన్ వాళ్ల దగ్గర సబ్బుకి మార్కుల్లేవు.

మొదట ఒళ్లు కొలిచారు. పటకారులాంటి పరికరం ఒకటి పట్టుకుని ఒకాయన వచ్చి, చెయ్యి వెనకాల చర్మాన్ని పట్టి ఎంత కొవ్వుందో చూశాడు. వదిన చెయ్యి చక్కగా పట్టుకు దొరికింది. ఎస్టేటు పిల్ల, అన్నం తిన్న పిల్ల, కాస్త ఎక్కువే వచ్చింది. ఇక నా వంతు. పటకారు వేశాడు, జారిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ జారింది. మూడోసారి దాని కొసకి కాసింత తోలు మాత్రం దొరికింది. ఆయన అంకె చూసి కళ్లు నులుముకుని, నా మొహంకేసి భక్తిగా చూసి రాసుకున్నాడు. ఆ రోజు ఇపోలో అంతటి కొవ్వు లేని శరీరం ఇంకొకటి లేదట. అమ్మమ్మ నూనె మీంచి దిష్టి జారిందో లేదో తెలియదు, విజ్ఞానశాస్త్రం మాత్రం నిక్షేపంగా జారిపోయింది.

తర్వాత బీప్ టెస్టు. రెండు గీతల మధ్య అటూ ఇటూ పరిగెత్తాలి. స్పీకరు 'బీప్' అనేలోగా అవతలి గీత చేరాలి, బీపులు రాను రాను తొందరపడతాయి. వదిన గీత మీద నిలబడి చుట్టూ చూసింది.

"బంతేది సార్?" అని మలయ్‌లో అడిగింది.

"బంతి లేదు."

"మరి ఎందుకు పరిగెత్తడం?"

ఆయన జవాబుగా విజిల్ తీసుకుని ఊదాడు. వదిన కాసేపు మర్యాద కోసం పరిగెత్తి, బంతి రాదని రూఢి అయ్యాక పక్కకి వచ్చి కూర్చుంది. నేను మాత్రం పరిగెత్తుతూనే ఉన్నాను. కాలువలూ ముళ్లూ లేని నేల మీద, చేతిలో బురద బంతి లేకుండా పరిగెత్తడం నాకు విహారయాత్రలా ఉంది. మిగతా పిల్లలందరూ ఆగిపోయాక కూడా నేనూ స్పీకరూ మిగిలాం. అంతా చప్పట్లు కొట్టారు. వదిన అందరికంటే గట్టిగా కొట్టింది. ఆ పరుగంతా తను కొట్టిన గోల్స్ పుణ్యమే. సొమ్మొకరిది, సోకొకరిది.

"పోన్లే, మజ్జాన్నం ఆటుంది కదా. అక్కడ సూసుకుందాం," అంది వదిన, కర్రకి కొత్త టేపు చుట్టుకుంటూ.

మధ్యాహ్నం ఆట లేదు. మన మలేసియా ఆకాశం సంగతి తెలిసిందే కదా, భోజనం ముగించుకుని సరిగ్గా మూడింటికి డ్యూటీ ఎక్కింది. ఉరుములు, మెరుపులు, మైదానం నిండా నీళ్లు. పెద్దలు గొడుగుల కింద ఓ అర నిమిషం ఆలోచించి, ఆట రద్దు చేశారు. కొలతలున్నాయి, ఇంటర్వ్యూ ఉంది, ఇంకా హాకీ ఎందుకు? అప్పటికి అక్కడికి చేరిన అంతమంది పిల్లల్లో ఒక్కరు కూడా బంతిని తాకలేదు. వదిన కర్ర పట్టుకుని వరండా చివర చాలాసేపు నిలబడింది. తను ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజు కూడా చూడలేదు. వాన వైపు తిరిగి ఉంది మరి.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు పెద్దలున్నారు. మధ్యలో ఫైలు సారు, ఇటు మా మనసులు చదవడానికి వచ్చిన చిరునవ్వు మేడమ్, అటు వేయించిన అరటిపండ్ల పళ్లెం ముందు ఇంకొకాయన. ముందు వదిన వెళ్లొచ్చింది. వచ్చి, గది బయట వరండాలో గాజు పలకల కిటికీ పక్కన నిలబడింది. తర్వాత నేను వెళ్లాను. బడిలో కౌన్సెలింగ్ టీచరు ఇచ్చిన కాగితాన్ని నేను బట్టీ పట్టి ఉన్నాను. ఐదేళ్లలో ఎక్కడుంటావంటే దేశసేవలో ఉంటానన్నాను. నీ బలహీనత ఏమిటంటే అతిగా కష్టపడటం అన్నాను. జంతువైతే ఏ జంతువువంటే ఏనుగునన్నాను, ఎందుకంటే అది గుంపును వదలదు. అరటిపండ్లాయన కూడా తినడం ఆపి తలూపాడు.

అప్పుడు ఫైలు సారు ముందుకి వంగాడు. "మీరిద్దరూ ఒకే చోటు నుంచి వచ్చారు. సీటు ఒకటే. మీ ఇద్దరిలో ఎవరు బాగా ఆడతారు?"

"మా వదినే," అన్నాను.

అది నిజం. అంతకంటే నిజం నేను జీవితంలో చెప్పలేదు. కానీ ఆ మాట చెప్పేటప్పుడు తల దించుకున్నాను, గొంతు కాస్త తగ్గించాను. అలా చెబితే పెద్దల చెవికి అది నిజంలా కాక వినయంలా వినబడుతుందని పదిహేడేళ్లు మా ఇంట్లో పెరిగిన నాకు బాగా తెలుసు. చిరునవ్వు మేడమ్ కళ్లు చెమర్చాయి. నేను తలెత్తి, "కాదండీ, నిజంగానే, మీరు తన ఆట చూడలేదు, వాన తగ్గాక ఒక్కసారి చూడండి" అని ఉండొచ్చు. ఆ వాక్యం నోటి దాకా వచ్చింది కూడా. హాస్టలు, కొత్త బూట్లు గుర్తొచ్చి లోపలికి వెళ్లిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగాను. "నిన్ను కూడా అడిగినారా వదినా, ఎవరు బాగా ఆడతారని?"

"అడిగినారు. నానే అన్నాను."

మావ చటుక్కున బ్రేకు వేశాడు. "ఏటే, నానే అన్నావా? పెద్దోల ముందా?"

"మరేటనాల నాన్నా? అబద్ధం సెప్పాలా?"

ఇద్దరం ఒకే ప్రశ్నకి ఒకే జవాబు చెప్పాం. సీటు నాకొచ్చింది. నేను హాస్టలుకి వెళ్లిన వారంలోనే వదిన క్లాంగ్ ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ టేపు చుట్టిన తన కర్ర నాకిచ్చేసింది.

హాస్టల్లో మొదటి రోజే అసలు కోచ్ ఒకావిడ నా ముందుకి బంతి దొర్లించింది. నేను అలవాటు కొద్దీ పరిగెత్తుకెళ్లి, చేత్తో తీసుకొచ్చి ఆవిడకిచ్చాను. ఆవిడ తిన్నగా ఆఫీసులోకి వెళ్లి ఫైలు తెచ్చింది. నా కాగితమూ వదిన కాగితమూ ఒకే క్లిప్పుకి ఉన్నాయి. నా కొవ్వు కొలత చూసి, "ఇది మనిషిదా, పాముదా?" అంది. దాని కింద నా గురించి 'వినయం, నాయకత్వం, జట్టు స్ఫూర్తి' అని ఉంది. వదిన గురించి 'ఐదేళ్ల తర్వాత ఎక్కడంటే గోలు ముందు అంటోంది, దూరదృష్టి లేదు. జంతువైతే ఏదంటే నేను మనిషిని కదా అంటోంది, ఊహాశక్తి లేదు. అహంకారం' అని ఉంది.

కోచ్ ఆ రెండో కాగితాన్ని రెండుసార్లు చదివింది. "గోలు ముందు ఉంటానన్న ఈ అమ్మాయి ఎక్కడుంది?" అని అడిగింది.

"క్లాంగ్‌లో. ఫ్యాక్టరీలో."

"ఇప్పుడు జాబితా మార్చనివ్వరు," అని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. నా సీటు తనకివ్వండని అనడానికి ఆ క్షణం కూడా బాగానే సరిపోయేది. నేను అనలేదు. రెండేళ్లు బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసాలు అందించాను, మూడు పూటలా తిన్నాను. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు. ఆఖర్న ఇచ్చిన క్రీడా సర్టిఫికెట్ చూపించి కాలేజీలో చేరాను, ఆ కాలేజీ చూపించి ఈ ఉద్యోగంలో చేరాను. వదిన ఇప్పటికీ క్లాంగ్‌లోనే ఉంది, రబ్బరు గ్లవుజుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే పని. తను పరీక్షించేది గ్లవుజుల్ని, నేను పరీక్షించేది మనుషుల్ని. చిల్లున్నది ఏదో తన పనిలోనే తెలుస్తుంది.

పోయిన ఆదివారం వదిన ఫోన్ చేసింది. కూతురికి పన్నెండేళ్లు, వచ్చే నెల హాకీ సెలెక్షనట, ఇంటర్వ్యూ కూడా ఉందట. "నీకిది రోజూ పనే కదా, పిల్లని కాస్త తోముదూ," అని వీడియోలో దాన్ని కూర్చోబెట్టి తను వంటింట్లోకి వెళ్లిపోయింది. పిల్లకి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, మాటాడమంటే మాత్రం పది మాటలే, వాటి చివర ఇక్కడి మలయ్ వాళ్ల 'లా' ఒకటి. నేను కాగితం, పెన్ను తీసుకుని, గొంతు సవరించుకుని, ఆఫీసు మొహం పెట్టుకున్నాను.

"మీ జట్టులో అందరికంటే బాగా ఆడేది ఎవరు?"

"నానే లా, అత్తా," అంది, ఇది కూడా ఒక ప్రశ్నేనా అన్నట్టు.

ఇన్నేళ్ల ఉద్యోగం కదా, నా పెన్ను దానంతటదే కాగితం మీద 'అహం' దాకా రాసేసింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి వదిన గొంతు వినబడింది.

"ఏమే, అది తల దించినాదేటి?"

వానలో వరండా, గాజు పలకల కిటికీ, దాని పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ వదిన గుర్తొచ్చింది. అన్నీ చూసింది. చూసి, ఆ కర్ర నా చేతిలో పెట్టి వెళ్లింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు.

"లేదు వదినా," అన్నాను. "ఎత్తే సెప్పినాది."

"ఐతే సాల్లే," అంది. మూకుడులో ఏదో వేసిన చప్పుడు వచ్చింది.

నేను రాసిన ఆ రెండక్షరాల్నీ కొట్టేసి, పక్కన పదికి పది వేశాను. పిల్ల మార్కులు చూపించమని ఒకటే గోల, చూపిస్తే నవ్వింది, నేనూ నవ్వాను. ఇపోలో ఆ గదిలో, ఒళ్లంతా కొబ్బరినూనె కంపు కొడుతూ, ముగ్గురు పెద్దల ముందు తల దించుకుని నిలబడ్డ ఆ పదిహేడేళ్ల పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంటుంది. తిట్టాలని వెళ్తాను గానీ, దాన్ని చూస్తే నవ్వొస్తుంది. గడ్డం కింద వేలు పెట్టి ఆ తల కాస్త పైకెత్తుదామనుకుంటాను, వేలు జారిపోతుంది.