పైడమ్మ మెత్తలో నేను నింపింది

అది 1968, వానలు పట్టిన నెల. రాజాం బజారులో నాకు చిన్న పరుపుల దుకాణం ఉండేది. చదువు అయిదో తరగతితో ఆగిపోయినా, సాయంత్రం దుకాణం కట్టేశాక శాఖా గ్రంథాలయానికి వెళ్లని రోజు లేదు. దూది గురించి, పురుగుల గురించి, రోగాల గురించి దొరికినవన్నీ చదివేవాణ్ణి. పరుపులు కుట్టేవాడికి ఇంత తెలుసా అని జనం అనుకుంటే నాకు సంతోషం.

ఆ రోజుల్లో సింహాచలమ్మ అనే పెద్దావిడ ఆరేళ్ల మనవరాలు పైడమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. పిల్లకు ఉబ్బసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. వీపు వెనక ఎత్తుగా మెత్త పెట్టి పడుకోబెట్టమని డాక్టరు చెప్పాడట.

"ఏటి నింపితే మంచిది, బావూ? ఈ గుంటకి పడాల."

"బూరుగు దూది, అమ్మా. తేలిక. తేమ పట్టదు."

బూరుగు దూదిని గింజలు రాలేదాకా కర్రతో కొట్టి, టిక్కింగులో కుక్కి ఇచ్చాను. టిక్కింగు అంటే దూది బయటికి రాకుండా దట్టంగా నేసిన చారల గుడ్డ. నాలుగో రోజున ఆమె మెత్తను చంకన పెట్టుకొని తిరిగొచ్చింది.

"దీనికి ఆనుకుంటే దగ్గు ఎక్కువైపోతన్నాది."

గ్రంథాలయంలో వెతికాను. సన్నటి నూగు గాలిలో తేలి ఊపిరితిత్తుల్లో చేరుతుందని ఒక పుస్తకంలో ఉంది. కారణం దొరికిందనుకొని, బూరుగు తీసేసి ఏకిన పత్తి నింపాను. వారానికి మళ్లీ వచ్చింది. పత్తికీ నూగు ఉంటుంది కదా అని ఈసారి కొబ్బరి పీచు పెట్టాను. గరుకు తెలియకుండా రెండు పొరల గుడ్డ వేశాను. పీచుకు నూగే లేదు. ఇక తిరుగులేదనుకున్నాను.

అయిదు రోజులైనా ఆమె రాకపోయేసరికి నేనే వాళ్లింటికి వెళ్లాను. పైడమ్మ అరుగు మీద గోనెసంచికి ఆనుకొని హాయిగా నిద్రపోతోంది. నా మెత్త చూరు కింద తడుస్తోంది.

"సంచిలో ఏముంది, అమ్మా?"

"నా పాత కోకలు. ఉతికి, ఆరేసి కుక్కినాను."

ఆ కోకలూ పత్తివే. పత్తి పడని పిల్లకు పత్తి కోక ఎలా పడింది? నూగే లేని పీచు ఎందుకు పడలేదు? చదివిందంతా ఒకదానికొకటి అడ్డం తిరిగింది. ఆ మాటే ఆమెతో అన్నాను.

"నాకేటి తెల్దు, సదువుకున్నోడివి నువ్వే సెప్పాల. నీ దూదిలో ఇంకేటైనా కలిపినావేటి?"

"ఏమీ లేదు. నల్లులు పట్టకుండా కాస్త మందు పొడి చల్లాను, అంతే. మూడుసార్లూ చల్లాను. పుస్తకంలో ఉంది."

ఆ మాట నా నోటి నుంచి వచ్చేదాకా నాకు తట్టలేదు. ఎవరూ అడక్కుండానే ప్రతి మెత్తలో గుప్పెడు చల్లేవాణ్ణి. చల్లేటప్పుడు నాకూ దగ్గు వచ్చేది. అది దూది పని అనుకునేవాణ్ణి.

సింహాచలమ్మ అరవలేదు. "నల్లి కుడితే గోక్కుంటాది. ఊపిరాడకపోతే ఏటి గోక్కుంటాది, బావూ?" అంది.

పుస్తకం నల్లులకు మందు చెప్పింది గాని, దాన్ని పిల్లల పడకలో వేయమనలేదు. అది నేను చేసిన పెత్తనం.

పాత గుడ్డ పారేసి, కొత్త టిక్కింగు తెచ్చి, వాన తెరిపిచ్చిన రోజుల్లో ఎండబెట్టిన బూరుగు దూది ఒక్కటే నింపాను. అయినా ఆమె నమ్మలేదు.

"ముందు నువ్వు పడుకో నాలుగు రోజులు. దగ్గకపోతే పట్రా."

పడుకున్నాను. దగ్గలేదు. తీసుకెళ్లి ఇచ్చాను. పైడమ్మకు ఆయాసం తగ్గింది. అయితే అప్పటికి వానలూ వెనకబట్టాయి. తగ్గింది పొడి లేనందుకా, ముసురు పోయినందుకా? డాక్టరును అడిగితే రెండూ కావచ్చన్నాడు. ఇప్పటికీ నాకు తేలలేదు.

తేలకపోయినా, అప్పటినుంచి నింపేదేమిటో దాచకుండా చెప్పి, మెత్తకు ఒక జానెడు కుట్టకుండా వదిలేస్తాను. కొన్నవాళ్లు చెయ్యి పెట్టి చూసి, వాసన చూసి సరేనన్నాకే కుడతాను. ఇదేం చాదస్తమని కొందరు నవ్వుతారు. ఆ జానెడు మొదట వదిలింది పైడమ్మ మెత్తకే. ఇచ్చిన రోజున వాళ్ల అరుగు మీద సూది పట్టుకొని కూర్చున్నాను. పిల్ల ఆ సందులో ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. తను ఊపిరి వదిలేదాకా నేను వదల్లేదు.