మా నాన్న పాస్ చేసిన టైరు

నన్ను కాపురానికి పంపిన రోజున మా నాన్న అల్లుడి ముఖం వైపు సరిగ్గా చూడను కూడా లేదు. చూసిందల్లా అల్లుడి లారీ టైర్లనే. ఈ మాట చెబితే మా పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

అవి యుద్ధం రోజులు. రబ్బరు పండే దేశాలన్నీ జపాను వాళ్ళ చేతికి పోయాయని, కొత్త టైరు పుట్టాలంటే కలెక్టరంతటి వాడు తలచుకోవాలని చెప్పుకునేవారు. మా ఆయనకు నరసరావుపేటలో ఒక పాత లారీ ఉండేది. పెట్రోలు దొరక్క దానికి బొగ్గుల పొయ్యి ఒకటి తగిలించి, ఆ గ్యాసుతో నడిపేవాడు. పత్తి బేళ్ళు, మిరపకాయల బస్తాలు తోలేవాడు. మాది నకరికల్లు అవతల పల్లె. పెళ్ళయ్యాక ఆషాఢమని కొన్నాళ్ళు, మూఢమని కొన్నాళ్ళు నన్ను పుట్టింట్లోనే ఉంచారు. ఆయన అప్పుడప్పుడూ వచ్చేవాడు గానీ, మా నాన్నతో వానల గురించి మాట్లాడి, మజ్జిగ తాగి వెళ్ళిపోయేవాడు. నాతో మాట్లాడింది లేదు. చివరికి ఒక మంచిరోజు కుదిరింది. మధ్యాహ్నం వర్జ్యం రాకముందే గడప దాటాలన్నారు పంతులుగారు. అది తప్పితే మళ్ళీ పంటలు ఇంటికొచ్చాకే. అన్నాళ్ళు ఆగే ఓపిక నాకు లేదు. ఆడపిల్ల ఆ మాట పైకి అనకూడదు కాబట్టి పారాణి పెట్టుకుని, తల వంచుకుని గడప దగ్గర కూర్చున్నాను.

బండి కట్టి నేనే దింపుతానని మా నాన్న ముందే కబురు పెట్టాడు. మా ఆయన ఒప్పుకోలేదు. "ఊళ్ళో వాళ్ళ సరుకంతా నా లారీ ఎక్కుద్ది, నా పెళ్ళాం ఎక్కకపోతే రేపు నన్నెవరు నమ్ముతారు?" అని తిరుగు కబురు పంపాడు. అన్నట్టే పొద్దున్నే పొగలు కక్కుకుంటూ లారీ మా వాకిట్లోకి వచ్చింది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఎద్దుల్ని చూడటంలో ఆయనకి పెద్ద పేరు. తిరణాలలో గొడ్డుని కొనబోయేవాళ్ళు ఆయన్ని వెంటబెట్టుకుని పోయేవారు. గిట్టలు చూసేవాడు, మూపురం తట్టేవాడు, ఒంటి మీద సుళ్ళు వెతికేవాడు, వెనక్కి వెళ్ళి నడక చూసేవాడు. ఆయన "ఊఁ" అంటే బేరం తెగేది, పెదవి విరిస్తే అమ్మేవాడు తాడు పట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఆయన చేసిన పొరపాటల్లా ఆ రోజు లారీ చుట్టూ కూడా అట్లాగే తిరగడం.

ముందు ఎడం చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నేను కూర్చోబోయేది ఆ పక్కనే. టైరు మీద చేయి వేసి నిమిరాడు. అరిగి అరిగి నున్నగా బోడిగుండులా ఉందది.

"ఏందయ్యా ఇది? దీనికి గిట్టలే లేవు!"

"అరిగింది మావా. కానీ పక్కలు గట్టిగా ఉన్నాయి," అన్నాడు మా ఆయన.

నాన్న వినిపించుకోలేదు. వెనక్కి వెళ్ళాడు. వెనక జంట చక్రాలు కదా, లోపలి చక్రం బయటికి కనపడదు. కొత్త పంచె కట్టుకుని ఉన్న మనిషి, ఉన్నపళంగా లారీ కిందికి దూరాడు. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. కింద నుంచి ఆయన గొంతు సంబరంగా వినిపించింది.

"ఇదిగో, ఇదీ గిట్టంటే! దీన్ని తీసుకెళ్ళి వెనకెందుకు దాచావయ్యా?"

ఆ టైరు కారంపూడి దారిలో నాపరాయి అంచుకి తగిలి పక్కన బెత్తెడు మేర తెగింది. అడుగుభాగం మాత్రం కొత్తదానిలా ఉంది. పారేయడానికి మనసొప్పక, మా ఆయన లోపల తోలు ముక్క వేయించి, పైన కుట్టించి, దాన్ని లోపలి చక్రానికి వేసుకున్నాడు. అక్కడైతే పక్కనున్న టైరు సగం బరువు మోస్తుంది, పగిలినా లారీ పక్కకి లాగదు. ఇదంతా ఆయన ఓపిగ్గా చెప్పాడు. టైరుకి బలమంతా పక్కల్లోనే ఉంటుందని, బరువు పడినప్పుడల్లా అక్కడే మడత పడుతుందని చెప్పాడు.

నాన్న పంచెకంటిన మసి దులుపుకుంటూ లేచాడు. "డొక్కలో గాయం ఒక లెక్కా? మన మైల ఎద్దుకి చిన్నప్పుడు కొమ్ము దిగింది. ఇయ్యాళ్టికీ అది అరకెట్టా లాగుద్దో ఊరంతా చూస్తన్నారు. గిట్టలు చూడాలయ్యా, గిట్టలు!"

అప్పటికే సగం ఊరు మా వాకిట్లో ఉంది. పక్కింటి బాబాయి ఎద్దుల విషయంలో మా నాన్నకి పోటీదారు. ఆయన బోడి టైరు ముందు కళ్ళు చికిలించి నిలబడ్డాడు. దాని మీద కంపెనీవాళ్ళు ఏవో ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా అచ్చు పోశారు.

"అన్నా, దీనికి సుడి కూడా ఉంది. ఇది ఇంటికి అచ్చిరాదు," అన్నాడు.

జీవితంలో మొదటిసారి వాళ్ళిద్దరికీ ఒక మాట మీద ఏకాభిప్రాయం కుదిరింది. అది నా ప్రాణం మీదికే రావాలా!

"ఆ గిట్టలున్న చక్రం తెచ్చి మా అమ్మాయి కూర్చునే పక్కనెయ్యి. ఎయ్యకపోతే పిల్ల రాదు," అని నాన్న తీర్పు చెప్పేశాడు.

మా ఆయన ఏదో అనబోయాడు.

"నేను చూసిన ఎద్దు ఇంతవరకూ కూలబడలేదయ్యా," అన్నాడు నాన్న, జనం వైపు చూస్తూ. జనం తలలూపారు.

మా ఆయన అప్పుడు గడప దగ్గరున్న నన్ను చూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి జాకీ తీశాడు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. తెలియని విషయంలో తీర్పు చెప్పినందుకు నాన్న మీద, తెలిసీ తలొంచినందుకు ఈయన మీద.

చక్రాలు మార్చి, చలిమిడి బిందె, అరిసెల డబ్బా, సారె సామాను ఎక్కించేసరికి వర్జ్యం ముంచుకొచ్చింది. ఏడవాలి కాబట్టి ఏడుపు మొదలుపెట్టాను, అమ్మ ముఖం చూశాక నిజంగానే ఏడుపొచ్చింది. లారీ కదిలింది.

మనిషి నడకకన్నా కాస్త జోరుగా పోతోందంతే. ఆయన ఒక కన్ను దారి మీద, ఒక కన్ను నా వైపు వేసి నడుపుతున్నాడు. నన్నే చూస్తున్నాడనుకుని కొంగు సర్దుకున్నాను. కాస్త సేపటికి అర్థమైంది, ఆయన చూసేది కిటికీలోంచి నా పక్కనున్న టైరుని. మా ఇంట్లో మగాళ్ళందరికీ ఆ రోజు టైరు పట్టింది.

ఊరు కనుమరుగైన మలుపులో లారీ ఆపేశాడు.

"దిగు," అన్నాడు. పెళ్ళయ్యాక మా ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

దిగి చూశాను. కుట్టు వేసిన చోట టైరు బుగ్గన వక్క పెట్టుకున్నట్టు ఉబ్బి ఉంది.

"ఇది పగిలిద్దని తెలుసుగా? మా నాన్నతో గట్టిగా చెప్పొచ్చుగా?"

"ఊరంతా చూస్తా ఉంది. అల్లుణ్ణి నేనే ఆయన మాట తీసిపారేస్తే, రేపు తిరణాలకి ఏ మొహం పెట్టుకుని పోతాడు? అందుకే ఈ మలుపు దాకా పాక్కుంటా తీసుకొచ్చా."

ఆ మాటతో నా కోపం దిగిపోయింది. అప్పటిదాకా ఆయనంటే మొగుడనే బెరుకు తప్ప ఏమీ లేదు. ఆ మలుపులోనే ఆయన మీద ఇష్టం పుట్టింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి, జాకీ కడ్డీ పట్టుకున్నాను. తను నట్లు విప్పాడు. వెనక లోపలికి పోయిన బోడి చక్రాన్ని తీసి, ముందు చక్రం కూడా ఊడదీసేసరికి గంటల చప్పుడు వినపడింది.

మా నాన్న బండి! లారీ కదలగానే మైల ఎద్దుని, దాని జోడుని కట్టుకుని బయల్దేరాడట. బండిలో మెత్తటి గడ్డి, దాని మీద దుప్పటి, నీళ్ళ చెంబు. లారీ కూలబడితే నన్ను ఎక్కించుకుపోదామని. గిట్టలున్న టైరుని తను పాస్ చేశాడే గానీ, తనకీ నమ్మకం కుదరలేదన్నమాట.

బండి ఆగింది. మా ఆయన దొంగతనంలో దొరికినవాడిలా నిలబడిపోయాడు. నాన్న కిందికి దిగి, తీసి పక్కన పెట్టిన కుట్టు చక్రాన్ని చూశాడు. ఉబ్బిన చోట బొటనవేలితో నొక్కాడు. కుట్టు నోరు తెరిచింది.

"అమ్మాయ్, బండెక్కు," అన్నాడు.

"నేను లారీలోనే పోతా."

"చక్రం లేని లారీలోనా?"

"చక్రం ఏస్తన్నాంగా!"

మా నాన్నకి నేను ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన నా చేతులకంటిన మసి చూశాడు. చీర మీది మరకలు చూశాడు. తర్వాత అల్లుడి కేసి తిరిగి, "ఇందాక నోరు పెగల్లేదేం?" అన్నాడు.

"మీరు చూశాక నేనేం చెప్తాను మావా," అన్నాడు మా ఆయన, నేల చూపులు చూస్తూ.

నాన్న పంచె ఎగగట్టి, బోడి చక్రాన్ని తనే దొర్లించుకొచ్చాడు. నట్లు బిగిస్తుంటే చక్రం కదలకుండా పట్టుకున్నాడు. "పక్కల్లో ఉంటదన్నమాట," అని మాత్రం తనలో తను గొణుక్కున్నాడు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి మా ఊళ్ళో ఎవరు లారీ మాట ఎత్తినా, "టైరుకి గిట్టలు కాదురా, పక్కలు చూడాలి," అని ఆయనే అందరికీ చెప్పేవాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగినవాళ్ళు లేరు, మేమూ చెప్పలేదు.

ఆ రోజు మేము నరసరావుపేట క్షేమంగా చేరాం. దీపాలు పెట్టే వేళకి గంటల చప్పుడు మా వాకిట్లో వినపడింది. వెనక్కి వెళ్ళిపోయాడనుకున్న మనిషి దారి పొడుగునా మా వెంటే వచ్చాడు. మా అత్త కాళ్ళకి నీళ్ళిస్తే తీసుకోకుండా, నేరుగా లారీ దగ్గరికి పోయాడు. బోడి టైరు పక్కన కూర్చుని, దాని పక్కల చుట్టూ బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, ముందు నా దగ్గరికే వస్తాడని. చిన్నప్పటినుంచి ఏ ఊరెళ్ళి వచ్చినా, చెప్పులు విడవకముందే అన్నం తిన్నావా అని నన్ను అడిగేవాడు.

ఆయన లేచి, ఆ రోజుకి మొదటిసారి అల్లుడి ముఖంలోకి చూశాడు. "అన్నం తిన్నావా అయ్యా?" అని అడిగాడు.

నన్ను అడగలేదు. నన్ను నిజంగా పంపించేశాడని నాకు అప్పుడు తెలిసింది.