పేర్లన్నీ చెప్పినావిడ

ప్రత్తిపాడు దగ్గర పల్లెలో మిరపకోతలకు కూలీలను పిలుచుకొచ్చే పెద్దామె ఆవిడ. పెద్దవీధిలో చెప్పులేసుకుని నడిచే హక్కు కోసం ఒకప్పుడు ఆ ఊరి దళితులు చేసిన ఊరేగింపు మీద డాక్యుమెంటరీ తీస్తూ కలిశాను.

ఊరేగింపుకు వెళ్తే కోతల్లోకి రానివ్వమని రైతులు బెదిరించారట. అయినా ఆవిడ గడపగడపకూ తిరిగింది. "చెప్పులేసుకుని రా అక్కా, గంజైనా కలిసే తాగుదాం," అని పిలిచింది. నలభై మంది ఆడవాళ్ళు నడిచారు. ఆ తర్వాత ఆ వీధిలో చెప్పులు చేతపట్టుకున్నవాళ్ళు లేరు.

కెమెరా ముందు ఆవిడ ఒక్కో వేలూ ముడుస్తూ వాళ్ళ పేర్లు చెప్పసాగింది.

"ఇన్ని పేర్లు సినిమాలో పట్టవండీ. ముఖ్యమైనవాళ్ళవి చెప్పండి చాలు," అన్నాను.

సూటిగా చూసింది. "అందరూ కూలి పోగొట్టుకునే నడిచారమ్మా. ఎవర్ని తీసేయమంటావు?"

ఆవిడ మొదటినుంచి మళ్ళీ చెప్పింది.

"మరి మీ పేరు?" అన్నాను చివర్లో.

"నేను పిలిచేదాన్నేగా," అని చేలోకి నడిచింది.

సినిమాలో నలభై పేర్లూ ఉంచాను. ఆవిడ పేరు కూడా కలుపుతానని ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. అందుకే ఇక్కడా రాయడం లేదు.